దుమ్ములోంచి పుట్టిన సబ్సిడీ

1909లో అమెరికా వ్యవసాయ శాఖలోని నేలల విభాగం ఒక బులెటిన్ అచ్చువేసింది. దేశానికున్న ఆస్తులన్నిట్లోకీ తరుగూ చెరుగూ లేనిది నేల ఒక్కటేనని, ఎంత వాడినా అది అయిపోదని అందులో రాసుంది. రాసినాయన ఆ విభాగానికి పెద్ద, మిల్టన్ విట్నీ. అదే విభాగంలో నేల సర్వేలు చేస్తూ ఊళ్లు పట్టుకు తిరుగుతున్న హ్యూ హామండ్ బెన్నెట్‌కు అప్పుడు ఇరవై ఎనిమిదేళ్లు. పెద్దాయన మాట ఆయనకు మింగుడుపడలేదు. ఒక్క చిన్న వాక్యంలో ఇంత ఖరీదైన తప్పుడు సమాచారం పట్టించొచ్చని తనకు అంతవరకు తెలీదని తర్వాత ఎద్దేవా చేశాడు.

ఆయనకు ఆ ధీమా లూయిసా కౌంటీలో వచ్చింది. 1905లో వర్జీనియాలోని ఆ కౌంటీకి, అక్కడి పొలాలు ఎందుకు చచ్చుబడ్డాయో చూసి రమ్మని పై అధికారులు పంపారు. పక్కపక్కనే రెండు చెక్కలు కనిపించాయి. ఒకటి ఎప్పుడూ నాగలి పడని అడవి నేల. పొడిరోజుల్లో కూడా చేత్తో తవ్వితే వచ్చేంత గుల్లగా, తేమగా ఉంది. రెండోది ఏళ్ల తరబడి దున్నిన చేను. గడ్డపార దిగని బంకమన్ను. ఒకప్పుడు ఆ రెండూ ఒకే నేల. వాగు కోసుకుపోయి గండి పడితే ఎవరి కంటికైనా కనిపిస్తుంది. ఇక్కడ అలాంటి గండ్లేమీ లేవు. ప్రతి వానకూ కాగితం మందాన పైమన్ను చేను మొత్తం మీద సమంగా జారిపోయింది. తాతల నాటి చేలోనే దున్నుతున్నామని రైతు అనుకున్నాడు గానీ, తాత దున్నిన మన్ను ఎప్పుడో ఏట్లో కలిసిపోయింది.

ఆ సంగతిని బెన్నెట్ ఇరవై ఏళ్లకు పైగా చెప్పిందే చెప్పాడు. 1928లో మరొకరితో కలిసి వ్యవసాయ శాఖ తరఫునే ఒక సర్క్యులర్ రాశాడు. నేల కోత దేశానికే ముప్పు అన్నది దాని శీర్షిక. మరుసటి ఏడాది ప్రతినిధుల సభలో టెక్సాస్ సభ్యుడు జేమ్స్ బుకానన్ బడ్జెట్‌లో లక్షా అరవై వేల డాలర్లు పెట్టించాడు. అదీ పరిశోధనకే. రైతు చేతికి డబ్బివ్వాలన్న ఆలోచన అప్పటికింకా ఎవరికీ లేదు. నీ చేను, నీ కష్టం, నీ నష్టం. అమెరికాలోనే కాదు, ఎక్కడైనా అప్పటి న్యాయం అదే.

ఆ న్యాయం నిలవలేకపోయింది పడమటి గడ్డి మైదానాల్లో. ఓక్లహోమా, టెక్సాస్ రాష్ట్రాల వాయవ్యపు కొసలు, కాన్సాస్ పడమటి భాగం, కొలరాడో ఆగ్నేయం, న్యూ మెక్సికో ఈశాన్యం ఒకచోట కలిసే ప్రాంతమది. వాన అంతంతమాత్రం, గాలి మాత్రం ఎడతెగదు. ఆ గాలికి మన్ను లేవకుండా కాపాడింది గడ్డి వేళ్లు. 1862 నాటి భూ పంపిణీ చట్టం కుటుంబానికి 160 ఎకరాలిచ్చింది. మెట్ట ప్రాంతాల్లో అది చాలదని 1909లో 320 చేశారు. మొదటి ప్రపంచ యుద్ధంలో గోధుమ బుషెల్ రెండు డాలర్లు దాటేసరికి ట్రాక్టర్లు దిగాయి. ఇరవయ్యో దశకం అంతా గడ్డిని తిరగదున్నడమే పని.

1931లో పంట ఇరగకాసింది. ధర కూలిపోయింది. కోత ఖర్చులు కూడా రాని రేట్లకు గోధుమ అమ్ముకోవాల్సి వచ్చింది. ఆ వెంటనే వానలు మొహం చాటేశాయి. దున్నిన చేలల్లో విత్తు మొలవలేదు. మన్నును పట్టుకునే గడ్డి ఎలాగూ లేదు. ఇక గాలిదే రాజ్యం.

దుమ్ము తుపాన్ల వర్ణనలు చాలామందే రాశారు. అందులో నాకు ఇప్పటికీ గుర్తుండిపోయింది కంచెల సంగతి. ఎండిపోయి వేళ్లతో సహా ఊడి గాలికి దొర్లే ముళ్లకంపలు ముళ్లతీగ కంచెకు తగులుకునేవి. వాటి మీద దుమ్ము పేరుకునేది. కొన్నాళ్లకు కంచె మొత్తం మట్టిదిబ్బ కింద పూడిపోయి, పశువులు దాని మీదుగా అవతలికి నడిచిపోయేవి. గాలిలో మన్ను రాపిడికి విద్యుత్తు పుట్టి కార్లు ఆగిపోతుంటే, దాన్ని నేలకు దించడానికి డ్రైవర్లు వెనక గొలుసు కట్టి ఈడ్చుకుంటూ పోయేవాళ్లు. 1934 మేలో లేచిన తుపాను న్యూయార్క్, వాషింగ్టన్ దాటి అట్లాంటిక్‌లోని ఓడల మీద దుమ్ము రాల్చింది. 1935 ఏప్రిల్ 14 ఆదివారం నాటిది అన్నిటికన్నా భయంకరం. మర్నాడు అసోసియేటెడ్ ప్రెస్ విలేకరి రాబర్ట్ గైగర్ తన వార్తలో ఆ ప్రాంతాన్ని ‘డస్ట్ బౌల్’ అన్నాడు. ఆ పేరే నిలిచింది. పేరు అచ్చయిన ఏప్రిల్ 15 బెన్నెట్ పుట్టినరోజు కూడా.

ఆ మైదానాల్లో సూట్‌కేసు రైతులని ఉండేవాళ్లు. ఎక్కడో పట్నంలో కాపురం. విత్తే కాలంలో పెట్టె పట్టుకుని వచ్చి విత్తి పోతారు, కోతకు మళ్లీ వస్తారు. ధర పడిపోయాక వాళ్లు రావడం మానేశారు. వందల ఎకరాలు దున్నినవి దున్నినట్టే బోసిగా మిగిలాయి. పక్క చేను వాడు నానా తంటాలు పడి మొలకెత్తించుకున్న పైరును ఆ బీడు మీంచి లేచిన ఇసుక మొదలంటా కోసేసేది. లేకపోతే పూడ్చేసేది. నీటి కోతలో నష్టం చాలావరకు నీ చేలోదే. గాలి కోతలో ఒకడి అలసత్వం ఊరందరి పంటనూ తింటుంది. నా దృష్టిలో ఈ సబ్సిడీ కథలో అసలు మలుపు ఇదే. బెన్నెట్ ఉపన్యాసాల కన్నా పక్కింటివాడి ఇసుకే ‘నీ చేను నీ ఇష్టం’ అన్న మాటకు గట్టిగా జవాబు చెప్పింది.

ఈలోగా 1933లో రూజ్‌వెల్ట్ ప్రభుత్వం నిరుద్యోగులకు పని కల్పించే నిధిలోంచి యాభై లక్షల డాలర్లు నేల కోత నివారణకు కేటాయించింది. బెన్నెట్ అధిపతిగా ఒక కొత్త సంస్థ పెట్టారు, అదీ వ్యవసాయ శాఖలో కాదు, అంతర్గత వ్యవహారాల శాఖలో. విస్కాన్సిన్‌లోని కూన్ వ్యాలీలో మొదటి ప్రదర్శన క్షేత్రం మొదలైంది. ఒప్పందం సులువు. అయిదేళ్లపాటు మేం చెప్పిన పద్ధతిలో సాగు చేస్తానని రైతు సంతకం పెడతాడు. విత్తనం, కంచె సామాను, ఉపాధి శిబిరంలోని కుర్రాళ్ల కాయకష్టం ప్రభుత్వం ఇస్తుంది. ప్రైవేటు భూమి మీద సర్కారు సొమ్ము పెట్టడం ఇలా మెల్లగా అలవాటైంది. అప్పటికి దాన్ని సబ్సిడీ అని కూడా ఎవరూ అనలేదు, ఉపాధి అన్నారు.

ఈ సంస్థను శాశ్వతం చేసే చట్టం సెనెట్ కమిటీ ముందుకు వచ్చినప్పటి కథ ఒకటి అమెరికాలో పిల్లలకు కూడా చెబుతారు. పడమట లేచిన దుమ్ము వాషింగ్టన్ వైపు వస్తోందని బెన్నెట్‌కు ముందే కబురందింది. కమిటీ ముందు కావాలనే లెక్కలన్నీ సాగదీసి చదువుతూ కాలక్షేపం చేశాడు. సరిగ్గా సమయానికి ఆకాశం నల్లబడింది, సెనెటర్లు కిటికీ దగ్గరికి వెళ్లి చూశారు, చట్టం గట్టెక్కింది. వినడానికి బాగుంటుంది. 1935 మార్చిలో వాషింగ్టన్ ఆకాశాన్ని దుమ్ము కమ్మిన మాట నిజం. సెనెట్ విచారణ ఏప్రిల్ మొదట్లో జరిగిన మాటా నిజం. రెంటినీ ఒకే మధ్యాహ్నంలోకి తెచ్చి కూర్చోబెట్టడంలో చెప్పినవాళ్ల చేతివాటం కాస్త ఉంది. ఏమైతేనేం, 1935 ఏప్రిల్ 27న మృత్తికా సంరక్షణ చట్టం మీద సంతకం పడింది. పొలాల్లో, మేతభూముల్లో, అడవుల్లో మన్నూ తేమా వృథాగా పోవడం దేశ సంక్షేమానికి ముప్పు అని దాని తొలి పలుకుల్లోనే రాశారు. పాతికేళ్ల క్రితం విట్నీ రాసిన వాక్యానికి ఇది నేరుగా కొట్టివేత.

చట్టం సరే, గాలి ఆగదు కదా. ఆ వసంతంలో మైదానాల్లో కావాల్సింది పదేళ్ల ప్రణాళిక కాదు, వారంలో పని. దానికి అక్కడి రైతుల దగ్గరే పనిముట్టు ఉంది. మన్నును రెండు వైపులా విసిరి మధ్యలో లోతు సాలు తీసే నాగలి. మన దగ్గర బోదె నాగలి అంటాం చూడండి, అలాంటిదే, ఇంకాస్త పెద్దది. గాలి వచ్చే దిక్కుకు అడ్డంగా దాన్ని తోలితే వరసగా బోదెలు లేస్తాయి. కింది పొరలో కొద్దో గొప్పో తేమ ఉన్న మన్ను గడ్డలుగా పైకి వస్తుంది. నేలను అంటిపెట్టుకుని వచ్చే గాలి ఆ గడ్డలకు తగిలి జోరు తగ్గుతుంది. దొర్లుకుంటూ వచ్చే ఇసుక సాళ్లలో పడి ఆగిపోతుంది. ఇది వైద్యం కాదు, కట్టు. ఒక్క గట్టి వాన కురిస్తే బోదె కరిగిపోతుంది. వరసగా రెండు మూడు తుపాన్లు వస్తే సాలు నిండిపోతుంది, మళ్లీ తోలాలి. కానీ అప్పటికి ఆపుతుంది.

తెలిసిన పనే అయినా చేయడానికి రైతు దగ్గర ట్రాక్టరులో పోయడానికి నూనె డబ్బుల్లేవు. అక్కడే ప్రభుత్వం దిగింది. అత్యవసర నిధుల్లోంచి ఎకరానికి సెంట్ల లెక్కన ఇచ్చి లక్షల ఎకరాల్లో బోదెలు తోలించింది. పంట పండించినందుకు కాదు, మానేసినందుకు కాదు, కేవలం మన్ను లేవకుండా ఆపినందుకు రైతుకు డబ్బు. ఇవాళ ఫెడరల్ ప్రభుత్వం నడిపే అత్యవసర సంరక్షణ పథకానికి మూలం వెతికితే నాకు ఈ చిల్లర డబ్బుల దగ్గరే దొరుకుతుంది. ఊళ్లో లేని ఆసాముల సంగతి రాష్ట్రాలు చూసుకున్నాయి. కాన్సాస్ లాంటి చోట్ల కౌంటీ అధికారులే ఆ చేలల్లో దున్నించి, ఖర్చును భూమి పన్నులో కలిపేసే అధికారం తెచ్చుకున్నారు. అమెరికాలో ప్రైవేటు ఆస్తి మీద ఇంతదాకా వెళ్లారంటే దుమ్ము వాళ్లను ఎంత విసిగించిందో అర్థం చేసుకోవచ్చు.

తర్వాతి మలుపు పొలంలో కాదు, కోర్టులో. 1933 వ్యవసాయ సర్దుబాటు చట్టం కింద ప్రభుత్వం రైతులకు పంట తగ్గించమని డబ్బిచ్చేది. ధరలు పెంచడం దాని ఉద్దేశం. ఆ డబ్బును మిల్లుల వాళ్ల మీద పన్ను వేసి రాబట్టేది. 1936 జనవరి 6న సుప్రీంకోర్టు ఆరుగురు ఒకవైపు, ముగ్గురు ఒకవైపుగా దాన్ని కొట్టేసింది. సాగును అదుపు చేయడం ఫెడరల్ ప్రభుత్వం పని కాదంది. ఎన్నికల సంవత్సరం. రైతుల చెక్కులు ఆగిపోతే ఏమవుతుందో వ్యవసాయ మంత్రి హెన్రీ వాలెస్‌కు తెలుసు. రెండు నెలలు తిరగకుండానే, ఫిబ్రవరి 29న, కొత్త చట్టం వచ్చింది. పంట తగ్గించినందుకు డబ్బివ్వకూడదన్నారు కదా, ఇవ్వం. గోధుమ, పత్తి, మొక్కజొన్న, పొగాకు నేల సారాన్ని పీల్చే పంటలు. గడ్డి, పప్పుజాతి మొక్కలు నేలను కాపాడే పంటలు. మొదటి రకం నుంచి రెండో రకానికి మారితే, నేలను కాపాడినందుకు డబ్బిస్తాం. చిత్రమేమిటంటే మిగులు పేరుకుపోయి ధర పడిపోయిన పంటలే ‘సారం పీల్చే’ జాబితాలో తేలాయి.

దీన్ని కొందరు మోసం అంటారు. నాకైతే దొడ్డిదారిన వచ్చిన మంచి అనిపిస్తుంది. ధర కోసం వేసిన ఎత్తే అయినా, నేలను కాపాడటం ప్రజలందరి పని కాబట్టి దానికి ఖజానా సొమ్ము ఖర్చు చేయొచ్చన్న సూత్రం చట్టంలో బోల్టు బిగించినట్టు కూర్చుంది. ఆ తర్వాత కోర్టుల వైఖరీ మారింది, పంటల సబ్సిడీ నేరుగానే తిరిగి వచ్చింది. సంరక్షణ డబ్బు మాత్రం పోలేదు.

అయితే అది ఎవరి చేతికి చేరిందన్నది వేరే కథ. పంపకం బాధ్యతను కౌంటీ స్థాయిలో రైతులే ఎన్నుకునే కమిటీలకు అప్పగించారు. ఊరి సంగతి ఊరివాళ్లకే తెలుస్తుందన్న నమ్మకం. ఆ నమ్మకం సగం నిజం. దక్షిణాది పత్తి ప్రాంతాల్లో చెక్కు ఆసామి చేతికి వెళ్లింది. సాగు తగ్గింది కాబట్టి పాలుకు చేసేవాళ్లు గుడిసెలు ఖాళీ చేయాల్సి వచ్చింది. నల్లజాతి రైతులు ఆ కమిటీల్లో దాదాపు కనిపించేవాళ్లే కారు. కౌంటీ ఆఫీసుల్లో తమ పట్ల దశాబ్దాలుగా జరిగిన వివక్ష మీద వాళ్లు వేసిన దావాలో ప్రభుత్వం రాజీకి దిగింది 1999లో.

యాభయ్యో దశకంలో దక్షిణ మైదానాల్ని మళ్లీ కరువు పట్టింది. టెక్సాస్‌లో అది 1957 దాకా వదల్లేదు. మళ్లీ అత్యవసర నిధులు, మళ్లీ బోదెలు. ప్రతిసారీ అమెరికా కాంగ్రెస్ విడిగా డబ్బు కేటాయించడం, కొన్నాళ్లకు మర్చిపోవడం. 1977 ఫిబ్రవరిలో కొలరాడో, న్యూ మెక్సికోల నుంచి లేచిన దుమ్ము అట్లాంటిక్ మీదికి వెళ్లడం ఈసారి ఉపగ్రహ చిత్రాల్లో కనిపించింది. అదే సమయంలో కాలిఫోర్నియా నీళ్లకు అల్లాడుతోంది. పైగా ధరలు లేక రైతులు ట్రాక్టర్లేసుకుని వాషింగ్టన్ వీధుల్లోకి వచ్చారు. ఇన్నీ కలిసి వచ్చాక 1978 ఆగస్టు 4న జిమ్మీ కార్టర్ వ్యవసాయ రుణ చట్టం మీద సంతకం చేశాడు. పేరులో రుణం ఉన్నా దాని నాలుగో భాగం మన కథానాయకుడిది. అత్యవసర సంరక్షణ పథకం అక్కడ శాశ్వత చట్టమైంది.

ఆ చట్టం నష్టాన్ని నాలుగు రకాలుగా తూస్తుంది. బాగు చేయకపోతే భూమికి ముప్పు ఉండాలి. దిగుబడి శక్తి గట్టిగా దెబ్బతిని ఉండాలి. ఖర్చు ప్రభుత్వ సాయం లేకుండా భరించలేనంత ఉండాలి. నాలుగోది, నష్టం మామూలుగా జరిగేది కాకూడదు, అదే చోట తరచుగా వచ్చే రకం కాకూడదు. వరదలో మునుగుతుందని తెలిసిన లంకలో చేసుకునేవాడికి ఏటా ఇవ్వలేం అని దీని అర్థం. కానీ ఆ షరతులోనే ఒక చిన్న మినహాయింపు ఉంది: గాలి కోత తప్ప. గాలి ఎన్నిసార్లు వచ్చినా సరే, అడగొచ్చు. చట్టం రాసినవాళ్లు ముప్పయ్యో దశకాన్ని మర్చిపోలేదనడానికి అంతకన్నా రుజువు అక్కర్లేదు. పంట ఎంత పోయిందని మాత్రం ఈ పథకం అడగదు, అది బీమా వాళ్ల పని.

ఇచ్చేది మొత్తం ఖర్చు కాదు, అందులో నూటికి 75 దాకా. వనరుల్లేని చిన్న రైతులకు, కొత్తగా సాగులోకి వచ్చినవాళ్లకు 90 దాకా. వరద మేటలు తీయించడం, కొట్టుకొచ్చిన మొద్దులూ చెత్తా ఎత్తడం, చేను చదును చేయడం, గట్లు పోయించడం, తెగిన కంచె వేయడం, తీవ్ర కరువులో పశువులకు నీళ్లు ఏర్పాటు చేయడం దీని కిందికి వస్తాయి. ముందున్న స్థితికి తేవడానికే డబ్బు. ఇదే అదనుగా ఇంకా మంచి కంచె వేసుకుంటానంటే పైఖర్చు నీదే. దరఖాస్తు పెట్టి, అధికారి వచ్చి చూసిపోకముందే పని మొదలుపెడితే సాధారణంగా పైసా రాదు. చట్టం శాశ్వతమే గానీ నిధి శాశ్వతం కాదు. పెద్ద విపత్తు వచ్చినప్పుడల్లా అదనపు కేటాయింపు కోసం ఎదురుచూడాలి. డబ్బు అయిపోతే దరఖాస్తులు వరసలో ఉంటాయి. పేరులో అత్యవసరం ఉన్న పథకానికి ఇది పెద్ద లోపమే, నాలుగు దశాబ్దాలైనా ఎవరూ సరిచేయలేదు.

మన దగ్గరా ఈ ఆలోచన లేకపోలేదు. వరద తగ్గాక చేలో ఇసుక మేట వేస్తే ఏం చేయాలో విపత్తు సహాయ నియమాల్లో ఉంది. మేట మూడు అంగుళాలకు మించి ఉందని అధికారి ధ్రువీకరించాలి. 2022 నుంచి 2026 వరకు వర్తించేలా ఇచ్చిన కేంద్ర నియమాల ప్రకారం సన్న, చిన్నకారు రైతుకు హెక్టారుకు 18,000 రూపాయలు, అంటే ఎకరానికి ఏడు వేల పైచిలుకు. ఏరు దారి మార్చి భూమే కోసుకుపోతే హెక్టారుకు 47,000. 2024 సెప్టెంబరులో మున్నేరు, ఆకేరు పొంగి వరి చేలల మీద ఇసుక పరిచి వెళ్లాక ఖమ్మం, మహబూబాబాద్ రైతుల నోట ఈ లెక్కలే. అమెరికాలో బిల్లులో వాటా ఇస్తారు, ఇక్కడ ఖర్చు ఎంతైనా ఇచ్చే మొత్తం ఒక్కటే. అక్కడ ముందు తన జేబులోంచి పెట్టగలిగినవాడికే వాటా అందుతుంది. ఇక్కడ అందరికీ అందే వీలుంది గానీ, అడుగు మందాన మేట వేసిన ఎకరంలో జేసీబీ, ట్రాక్టరు పెట్టి ఇసుక ఎత్తించినవాణ్ణి అడిగితే ఆ ఏడు వేలు ఎన్ని గంటలకు సరిపోయాయో చెబుతాడు.

ముందు పెట్టుబడి పెట్టలేని ఇబ్బంది అక్కడా బయటపడింది. 2017 మార్చిలో ఓక్లహోమాలో రాజుకున్న మంట గాలికి కాన్సాస్‌లోకి పాకి మైళ్ల కొద్దీ పశువుల కంచెల్ని బూడిద చేసింది. కర్ర గుంజలు కాలిపోతాయి, తీగ వేడికి బిగువు పోయి పనికిరాకుండా పోతుంది. కంచె లేకపోతే బతికున్న పశువుల్ని వదలడానికి చోటుండదు. కంచె వేయించి బిల్లు తెస్తే ఇస్తామంటే, పశువులే కాలిపోయినవాడు ఆ బిల్లు దేంతో కట్టాలి? 2018 వ్యవసాయ చట్టంలో దీనికి ఒక సవరణ చేశారు. కంచె పనికి రావాల్సిన మొత్తంలో నాలుగో వంతు ముందుగానే తీసుకోవచ్చు. ఒక్కొక్కరికి ఇచ్చే గరిష్ఠ మొత్తాన్ని 5 లక్షల డాలర్లు చేశారు. ముందు తీసుకున్న సొమ్మును అరవై రోజుల్లో ఖర్చు చేయకపోతే తిరిగి కట్టాలి. 2024 ఫిబ్రవరిలో టెక్సాస్ వాయవ్యపు కొసన పది లక్షల ఎకరాలు దాటి కాలిన మంటలో మళ్లీ అవే కంచెలు పోయాయి. అలాంటప్పుడు ఆ గడువు మొదలయ్యేసరికి చుట్టుపక్కల కౌంటీలన్నిట్లో అందరూ వెతికేది అవే గుంజలు, అదే తీగ, అదే కంచె పనివాళ్ల కోసం.